షోకేసులో నిలబెట్టిన సీసా

ఏంజెల్ సీసా మెడ మీది రేకును చిన్న చాకుతో గుండ్రంగా కోసి తీసింది. లోపలి బిరడాను బొటనవేలితో తాకింది. పైపొర పొడిలా రాలి వేలికి అంటుకుంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏటమ్మా, ఆగిపోనావ్?" అన్నారు కొండలరావు.

"బిరడా ఎండిపోయింది అంకుల్. సీసాని ఎలా ఉంచారు?"

"షోకేసులో. అందరికీ కనపడీలాగ నిల్చోబెట్టినాం. ఐదేళ్లయ్యింది."

"పడుకోబెట్టి ఉంచితే వైన్ తగులుతూ బిరడా తడిగా ఉండేది."

ఆయన కుర్చీలో కూలబడ్డారు.

రాయ్‌పూర్ పక్కన ఉర్లాలో ఒక ఇనుప రోలింగ్ మిల్లుకు ఆయన ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు, యంత్రాలు బిగించడానికి ఇటలీ నుంచి బ్రూనో అనే ఫిట్టర్ వచ్చాడు. ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నారు. వెళ్లేటప్పుడు బ్రూనో ఈ ఎర్ర వైన్ ఇచ్చాడు. సముద్రం కనబడే కొండవాలులో వాళ్ల నాన్న పెంచిన ద్రాక్షతో చేసింది. ఆ తర్వాత తండ్రి పోయాడు, తోట అమ్ముడైపోయింది. బ్రూనో దగ్గర ఒక్క సీసా కూడా మిగల్లేదు. ఇప్పుడు వేరే పని మీద రాయ్‌పూర్ వచ్చి, ఫోన్‌లో మొదట అడిగింది దీని గురించే. భద్రంగా ఉందని ఈయన మాటిచ్చారు. బ్రూనో కారు హోటల్ నుంచి బయలుదేరింది.

ఏంజెల్‌ది రాయ్‌పూర్‌లోనే గుఢియారీ పేట. తండ్రి దానియేలు రైల్వేలో చేశారు. తల్లి మరియమ్మది బాపట్ల. ఆమె కొండలరావు భార్య ఊర్మిళకు పాత స్నేహితురాలు, ఆ చనువుతోనే సీసా తెరవడానికి ఏంజెల్‌ను పిలిచారు. ఏంజెల్ ఒక హోటల్లో గ్లాసులు కడిగే పనిలో చేరి, ఇప్పుడు అక్కడి విందుల్లో వైన్ వడ్డించే పని చూస్తోంది. బాప్తిస్మం నాటి మాట తప్పకుండా, ఒక్క చుక్క కూడా తాగలేదు. ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఖాళీ సీసాలకు బిరడాలు మళ్లీ దిగ్గొట్టి, తీసి, దిగ్గొట్టి నేర్చుకుంది. ఎండిన బిరడాకు మెలితిప్పి లాగే కార్క్‌స్క్రూ పనికిరాదని తెలిశాక, బీర్‌గావ్‌లో లేత్ పనివాడితో పాత రంపపు బ్లేడు అరగదీయించి రెండు పలుచని రేకుల పనిముట్టు చేయించుకుంది. ఒక రేకు కాస్త పొడుగు.

పొడుగు రేకును ముందు బిరడాకూ గాజుకూ మధ్య దించింది. తర్వాత పొట్టిది. అటూ ఇటూ ఊపుతూ మిల్లీమీటరు చొప్పున లోపలికి పంపింది. చెయ్యి గట్టిగా పడితే బిరడా వైన్‌లోకి జారిపోతుంది.

"పాడైపోయుంటే వేరే ఎర్ర వైన్ కొనుక్కొచ్చి ఇందల పోసీదామా? ఆడికేటి తెలుస్తాది?" అన్నారు కొండలరావు మెల్లగా.

"ఆళ్ల నాన్న పండించింది ఆడు గుర్తుపట్టడేటి?" అంది ఊర్మిళ.

"అలాంటి పని నేను చెయ్యను అంకుల్. పాడైతే పాడైందనే చెబుదాం. కొంచెం పక్కకి జరగండి, నీడ పడుతోంది."

"ఎర్రగా కాలిన ఇనుం ముందు నిల్చున్నన్నాళ్లూ ఈయనకి బెదురు నేదు," అంది ఊర్మిళ. "ఇయేళ బుడ్డిని చూసి చెమట్లు."

ఏంజెల్ రేకులను తిప్పుతూ పైకి లాగింది. బిరడా సగం వచ్చి, చిట్లింది. కింది సగం మెడలోనే ఉండి కొంచెం కిందికి దిగింది. ఆమె రేకులు తుడిచి, అరచేతి చెమట చీరకొంగుకు అద్దుకుని, మళ్లీ పొడుగు రేకును గాజు వెంబడే పంపింది. కింది ముక్కలో ఇంకా కొంచెం తేమ ఉంది. రేకు జారింది, పట్టింది. ఆమె ఊపిరి బిగపట్టి తిప్పింది. ముక్క చిన్న చప్పుడుతో బయటికొచ్చింది.

వేడినీళ్లతో మాత్రమే కడిగిన గాజు జగ్గు మీద కొత్త మల్లుగుడ్డ పరిచి, సీసాను కదిలీ కదలనట్టు వంచి పోసింది. నలకలు గుడ్డ మీద ఆగాయి. అడుగున మడ్డి కనబడగానే ఆపేసింది.

జగ్గును ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు మూసిన పెట్టె వాసన వచ్చింది. కొండలరావు ఆమె ముఖమే చూస్తున్నారు.

"ఏటి?"

"ఆగండి. దీనికి గాలి తగలాలి."

గేటు దగ్గర కారు ఆగింది. ఏంజెల్ మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. మగ్గిన నేరేడు పండు, ఎండిన పొగాకు. వాటి వెనక ఉప్పుగాలి. బాపట్ల ఒడ్డున ఎండేసిన పడవ తాళ్ల దగ్గర నిలబడితే వచ్చేలాంటిది. పండు వాసన చాలావరకు వెళ్లిపోయింది. అయినా పులిసిపోలేదు.

బ్రూనో లోపలికొచ్చి కొండలరావును గట్టిగా పట్టుకున్నాడు. మిల్లులో నేర్చిన హిందీలో, "కొండల్ భాయ్, బోతల్ కహాఁ హై?" అని సీసా కోసం అడిగాడు.

కొండలరావు ముక్కలైన బిరడా చూపించారు. నిలబెట్టి ఉంచామని, తెలియక చేశామని హిందీలో చెప్పారు. బ్రూనో బిరడా ముక్కలు వేళ్ల మధ్య తిప్పి చూశాడు. నవ్వలేదు.

ఏంజెల్ ఒక గ్లాసులో కొద్దిగా పోసి అందించింది. అతను వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో ఉంచుకుని, కళ్లు దించి, మింగడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"ఖరాబ్ హో గయా?" అడిగారు కొండలరావు.

"బూఢా హో గయా," అన్నాడు బ్రూనో. "మరా నహీఁ."

"ముసిల్దయిపోనాదంట, సచ్చిపోనేదంట," అంది ఊర్మిళ, ఊపిరి వదిలి.

బ్రూనో గ్లాసు మళ్లీ చాచాడు. ఏంజెల్ దాన్ని నింపి, కొండలరావుకూ ఒకటి పోసి, జగ్గు అంచు తుడిచి, పిడి బ్రూనో వైపు తిప్పి అతని ముందు పెట్టింది.