తొమ్మిది గంటల ఖాళీ

ఆఫీసులో అందరూ ఆమెను గీతలమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది ప్రింటరు గదిలో పనిచేసే బాబాయి. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో, మొదటి పటాన్ని కాగితపు రోలు నుంచి కత్తిరించి చేతికిస్తూ, "ఇది పటమా తల్లీ, పిల్లి ఆడుకుని వదిలేసిన దారం ఉండా?" అన్నాడు. ఇరవై రెండేళ్ళయింది. బాబాయి జుట్టు రాలింది, ఆమె జుట్టు నెరిసింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ గీతలు ఓడలు నడిచిన దారులు. సముద్రం లోతు కొలవడానికి బయల్దేరిన ఓడ తిన్నగా ఒక ఊరికి పోదు. దుక్కి దున్నే ఎద్దుల్లా ఈ కొస నుంచి ఆ కొసకి పోయి, కాస్త జరిగి, మళ్ళీ వెనక్కి వస్తుంది. ఏ గంటకి ఎక్కడుందో, కింద ఎంత లోతుందో వరసగా రాసుకుంటూ నెలల తరబడి తిరుగుతుంది. ఆ వరసలను పటం మీద గీతలుగా మార్చడమే గీతలమ్మ ఉద్యోగం.

ఆమె కంప్యూటరులో బొమ్మలుండవు, నొక్కడానికి బొత్తాలుండవు. ఒక నల్లటి కిటికీ, అందులో మినుకుమినుకుమనే తెల్ల గుర్తు. ఏం కావాలో అక్కడ టైపు చేసి చెప్పాలి. ఏ ఓడ ఫైలు, పటం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, గీత ఎంత లావు, తారీఖు ఎన్ని గంటలకోసారి పడాలి - ఒక్కోదానికి ఒక అడ్డగీత, ఒక అక్షరం, ఒక అంకె. చీటీ అతికించని డబ్బాల్లో కూడా చెయ్యి తిన్నగా మెంతుల డబ్బా మీదికే పోయినట్టు, ఆమె వేళ్ళు ఆ అక్షరాల మీదికి వాటంతటవే పోతాయి. ఒక్క అడ్డగీత తప్పిపోయినా నల్ల కిటికీ ఒకే ముక్కలో కసురుతుంది. "అత్తగారు లేని లోటు తీరుస్తోందమ్మా నీ పెట్టె," అంటాడు బాబాయి.

ఆ పనిలో ఆమె ప్రాణంలా చూసుకునే నియమం ఒకటుంది. ఖాళీని కలపకూడదు. ఓడ కొన్ని గంటలపాటు ఏమీ రాయకపోతే, ఆ గంటల్లో అది ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. చెప్పకపోతే కంప్యూటరు మాత్రం ఇక్కడి చుక్కని అక్కడి చుక్కతో తిన్నగా కలిపేస్తుంది, అదే దారి అయినట్టు. అందుకని, ఇన్ని గంటలకు మించి ఖాళీ ఉంటే గీత తెంపెయ్యి అని చెప్పడానికి ఒక అక్షరం ఉంది. కొత్తగా చేరిన వాళ్ళకి ఆమె ముందుగా నేర్పేది అదే.

ఇన్ని ఓడల దారులు గీసిన మనిషి ఓడ ఎక్కలేదు. సముద్రాన్ని చూసిందంటారు గానీ, ఆమెకు గుర్తులేదు. రెండేళ్ళ వయసులో తల్లి చంకలో ఆ తీరపు ఊరు వదిలి, రైల్లో ఒక పగలూ రాత్రీ ప్రయాణం చేసి, ఈ దుమ్ము ఊరికి వచ్చింది. తల్లికి చేతిలో ఉన్నది ఒక కుట్టు మిషను, ఒక ట్రంకు పెట్టె. మిషను ఇద్దరినీ పోషించింది. ట్రంకు మూత మీద తెల్ల రంగుతో ఒక ఓడ పేరు ఉంటుంది. గీతలమ్మ అక్షరాలు నేర్చుకున్నది ఆ పేరు మీదే.

అది తండ్రి పనిచేసిన ఓడ. ఆయన లోతు కొలిచే యంత్రం దగ్గర ఉండేవాడు. పెళ్ళయిన రెండేళ్ళలో ఇంట్లో ఉన్నది వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని రోజులు. కూతురు పుట్టాక ఒక్కసారి కూడా చూడలేదు. ఆఖరి ఉత్తరం మాత్రం ఇప్పటికీ ట్రంకులో ఉంది.

"పదిహేడో తారీఖు గురువారం సాయంత్రం ఐదింటికి మా ఓడ మన ఇంటి ముందు నుంచి పోతుంది. కెప్టెన్ గారు ఒప్పుకున్నారు. ఈ సంగతి ఎవరికీ చెప్పకు. మేడ మీద ఎర్ర దుప్పటి ఆరెయ్యి, ఆనవాలు పడతాను. పిల్లని ఎత్తుకుని నిలబడు. దుర్భిణిలో ఇద్దరినీ చూస్తాను."

ఆ పదిహేడు దాటిన ఇరవై రోజులకు ఆయన ఎక్కడో దూరపు రేవులో జ్వరంతో పోయాడు. ఆయన ట్రంకు ఇంటికి వచ్చింది గానీ అందులో ఇంకో ఉత్తరం లేదు. చూశాడో లేదో, అసలు ఓడ అటు వచ్చిందో లేదో చెప్పేవాళ్ళు లేకపోయారు.

చిన్నప్పుడు గీతలమ్మ ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకుందో లెక్కలేదు. "ఎర్ర దుప్పటి ఆరేశాను, నిన్నెత్తుకుని నిలబడ్డాను," అనేది తల్లి. "నాన్న చూశాడా మరి?" అని అడిగితే, "ఏమో," అని మిషను తొక్కడం మొదలుపెట్టేది. ఆ చప్పుడులో ఇంక మాట నడిచేది కాదు.

ఆ ఓడలో లోతులు రాసుకున్న పాత పుస్తకాలు ఎక్కడో గోదాములో దొరికాయని, టైపు చేయించి పంపుతున్నారని పోయిన నెల ఆఫీసులో తెలిసింది. గీతలమ్మ ఆ మాట ఇంట్లో చెప్పింది. డెబ్బై ఏళ్ళ తల్లి గుండీ కుడుతున్న చెయ్యి ఆపి, "తారీఖులు కూడా ఉంటాయా అందులో?" అంది.

"గంటలు కూడా ఉంటాయమ్మా."

అప్పటి నుంచి రోజూ సాయంత్రం చెప్పులు విప్పకముందే ప్రశ్న. "వచ్చిందా?"

ఫైలు వచ్చిన రోజు ఉదయం గీతలమ్మ మంచినీళ్ళు తాగి, చేతులు తుడుచుకుని కూర్చుంది. ఎల్లలు ఇచ్చింది. తారీఖు రోజుకోసారి పడాలంది. గీత నీలం రంగులో ఉండాలంది. మీట నొక్కింది. తెర మీద తీరం పరుచుకుంది, దాని పక్కన నీలి గీత పొడుగ్గా సాగింది. పద్నాలుగు, పదిహేను, పదహారు. ఆమె కళ్ళు అంకెల వెంట నడిచాయి. పదిహేడు దగ్గర గీత ఎటూ వంగలేదు. తీరానికి ముప్పై ఏడు మైళ్ళ అవతల, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోయింది. ముప్పై ఏడు మైళ్ళ నుంచి ఎంత దుర్భిణి అయినా ఇల్లు కాదు కదా, ఇసుక కూడా కనబడదు.

ఆ సాయంత్రం "వచ్చిందా?" అంటే, "ఇంకా లేదమ్మా," అంది. మర్నాడూ అదే అంది. నలభై ఆరేళ్ళు వచ్చాక తల్లికి అబద్ధం చెప్పడం ఇంత కష్టమని ఆమెకు తెలియదు. అంతకంటే కష్టమైంది ఇంకొకటి. ఒక మనిషి తనని చూడాలని ఇంత దూరం దారి మళ్ళి వచ్చాడన్న ఊహ మీదే ఆమె ఇన్నాళ్ళూ బతికింది. అది పోయాక, ఆఫీసు మెట్లు కూడా ఎత్తు పెరిగినట్టనిపించాయి.

మూడో రోజు ఆ పటాన్ని అచ్చుకు పంపడానికి, తను టైపు చేసిన ఆజ్ఞని మళ్ళీ చదువుకుంటోంది. ఎడమ నుంచి కుడికి ఒక్కో అక్షరం. సగంలో వేలు ఆగిపోయింది. ఖాళీల అక్షరం లేదు. అంతకుముందు గీసిన ఓడ పన్నెండు గంటలకోసారి మాత్రమే రాసింది. దాని గీత ముక్కలు ముక్కలవుతోందని ఆ అక్షరాన్ని తనే తీసేసింది. తిరిగి పెట్టడం మరిచిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఊరందరికీ చెప్పిన మాట, తన తండ్రి దగ్గరికి వచ్చేసరికి తనే తప్పింది.

అక్షరం పెట్టి మీట నొక్కింది. పదిహేడో తారీఖు దగ్గర గీత తెగిపోయింది.

మధ్యాహ్నం పన్నెండుకి ఒక చుక్క. రాత్రి తొమ్మిదికి ఇంకో చుక్క. నడుమ తెల్లటి ఖాళీ. రెండిటి మధ్య తిన్నగా పోతే నలభై మైళ్ళు. ఆ ఓడ గంటకి పది మైళ్ళు నడుస్తుంది. నాలుగు గంటల దారికి తొమ్మిది గంటలు పట్టింది.

పాత పుస్తకం ఫోటోలు తెరిచింది. పదిహేడో తారీఖు పేజీలో, ఖాళీ గడుల పక్కన, కుడివైపుకి వాలిన అక్షరాలు. ఉత్తరంలోని అక్షరాలే. "కొలిచే యంత్రం ఆపాము. శుభ్రం చేయుటకు."

ఆమె పటమూ పేజీ రెండూ పట్టుకుని ప్రింటరు గదికి పరిగెత్తింది. బాబాయి కళ్ళజోడు నుదుటి మీద నుంచి దించి చదివాడు.

"తొమ్మిది గంటలు శుభ్రం చేశారా? యంత్రానికి పెళ్ళిచూపులేమన్నా పెట్టుకున్నారా తల్లీ?"

"ఓడ నడిపేవాళ్ళ పుస్తకం ఉంటే తెలిసేది బాబాయ్. అది చెదలు తినేసిందట."

"దారి తప్పించినవాడు దారి రాసిపెట్టుకుంటాడా? యంత్రం ఆపితే సాక్ష్యం లేదు. మీ నాన్న గట్టివాడే."

ఆమె నవ్వింది, వెంటనే కళ్ళు తుడుచుకుంది. కుర్చీలోకి వచ్చి లెక్క వేసింది. పన్నెండింటి చుక్క నుంచి ఇంటి ముందుకి నలభై ఎనిమిది మైళ్ళు. అక్కడి నుంచి తొమ్మిదింటి చుక్కకి ముప్పై ఎనిమిది. పది మైళ్ళ చొప్పున నడిస్తే ఐదుకి పన్నెండు నిమిషాల ముందు వస్తుంది. ఐదు దాటాక పన్నెండు నిమిషాలకు బయల్దేరాలి. మొత్తం ఇరవై నాలుగు నిమిషాలు.

ఆ రోజు ఆమె బస్సు దిగి ఇంటిదాకా దాదాపు పరుగులాంటి నడకతో వచ్చింది. తల్లి వాకిట్లో కూర్చుని ఎవరిదో పాత చొక్కా కాలరు విప్పుతోంది. "వచ్చిందా?" అని అడగబోతుంటే, పటం ఆమె ఒళ్ళో పరిచింది.

"వచ్చిందమ్మా. నాన్న కూడా వచ్చి ఉంటాడు." ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పింది. తెగిన గీత, శుభ్రం కథ, ఇరవై నాలుగు నిమిషాలు.

తల్లి మొహం వికసిస్తుందనుకుంది. తల్లి చొక్కా పక్కన పెట్టింది. సూది జాగ్రత్తగా సూదుల దిండులో గుచ్చింది.

"రాలేదని చెబుతావేమో అనుకున్నానే," అంది.

"అదేంటమ్మా?"

"రాలేదంటే నా మనసు కుదుటపడేది." తల్లి పటం అంచు సవరించింది. "ఐదింటికి నేను మేడ మీద లేను."

గీతలమ్మ చెప్పులు విప్పకుండానే తల్లి ఎదురుగా కూర్చుంది.

"నీకు మూడు రోజులుగా జ్వరం. పాలు తాగవు, కన్ను మూయవు. ఆ మధ్యాహ్నం నా ఒళ్ళో నిద్రపట్టింది నీకు. దింపితే లేస్తావని కూర్చున్నా. నాకూ కన్నంటుకుంది. లేచి చూస్తే ఐదున్నర. నిన్ను భుజాన వేసుకుని, దుప్పటి లాక్కుని ఎక్కాను. సముద్రం ఖాళీ. దూరంగా ఏదో నల్లగా ఉంది. పడవో, పక్షో. దానికే ఊపాను. చీకటిపడేదాకా ఊపుతూనే ఉన్నా."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమే అమ్మా?"

"ఏమని చెప్పను? నీ నిద్ర వల్ల మీ నాన్నకి మనం కనబడలేదని చెప్పనా? నువ్వసలే ప్రతిదానికీ నాదే తప్పు అనుకునే పిల్లవి."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. తల్లి పటం వైపు చూస్తూ అడిగింది. "ఐదున్నర దాకా ఆగి ఉండడా?"

గీతలమ్మ ఆగి ఉంటాడనే అనబోయింది. నోరు రాలేదు. "ఐదూ పన్నెండుకి కదలాలమ్మా. ఆ తర్వాత గంటకి పదకొండు మైళ్ళు నడిపిస్తే ఐదున్నర దాకా ఆగొచ్చు. కానీ ఈ ఫైల్లో ఉన్న రెండు నెలల్లో ఆ ఓడ ఎక్కడా పదకొండు నడవలేదు. మొత్తం చూశాను."

"రాసినప్పుడు నడవలేదు," అంది తల్లి. "రాయనప్పుడు?"

ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. "తెలీదమ్మా," అంది.

తల్లి తలూపింది. వేలితో పన్నెండింటి చుక్క తాకింది. తీరం దాకా తీసుకొచ్చి, అక్కడ ఆపింది. ఆ వేలు అక్కడ చాలాసేపు ఉండిపోయింది.

"నన్ను చూడకుండా పోయాడేమో అని ఏడ్చాను ఇన్నేళ్ళూ. అసలు రాకుండా పోయి ఉంటే బాగుండునని కూడా కోరుకున్నాను, చూడు ఎంత పాపిష్టిదాన్నో. ఇప్పుడు నువ్వు చెబుతుంటే వచ్చాడనే అనిపిస్తోంది. రానీ. వచ్చాడు, నేను లేను. అయినా వచ్చాడు." అని, మళ్ళీ తనే, "ఇక్కడ గీత పెట్టలేవా?" అంది.

"పెట్టకూడదమ్మా. రాయని చోట గీత గీయకూడదు. ఆఫీసు పటంలో ఖాళీగానే ఉండాలి."

"ఆఫీసుది ఆఫీసుకివ్వు. ఇది మనది కదా?"

తల్లి కుట్టు డబ్బా దగ్గరికి లాక్కుంది. ఎర్ర దారపు ఉండ తీసింది. "కచ్చా కుట్టు వేస్తాలే. కొలత సరిపోయిందో లేదో చూసి పీకేసే కుట్టు. మీ పెద్దసారు వస్తే ఒక్క లాగుడుకి వచ్చేస్తుంది."

దారం కొస తడి చేసి సూది కన్నం వైపు తెచ్చింది. ఒకసారి తప్పింది, రెండోసారీ తప్పింది. మసక కమ్మిన కళ్ళకి ఆ కన్నం ఎక్కడుందో అందడంలేదు.

గీతలమ్మ సూదిని తన చేతిలోకి తీసుకుని, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, దారం ఎక్కించి తల్లికిచ్చింది.