చిప్పు పెట్టించిన బండి, చెల్లెలి మస్టరు

ఆ డిసెంబరులో మా చెల్లెలికి ఒక్క మస్టరు కూడా పోకూడదు. బొగ్గుబాయిలో, అంటే గనిలో, హాజరు పడటాన్ని మేం మస్టరు పడటం అంటాం. బావ చనిపోయాక ఆయన ఉద్యోగం ఆమెకు ఇచ్చారు, కానీ బదిలీ వర్కరుగా, అంటే రానివాళ్ళ బదులు పనిచేసే మనిషిగా. ఏడాదిలో కావలసినన్ని మస్టర్లు నిండితేనే పర్మనెంటు; నిండకపోతే జనవరిలో మళ్ళీ ఒకటి నుంచి మొదలు. వానాకాలంలో పిల్లలిద్దరికీ జ్వరాలొచ్చి చాలా రోజులు పోగొట్టుకుంది. మిగిలిన ప్రతి పనిదినమూ బాయికి పోతే తప్ప లెక్క నిండదు.

కంపెనీ బస్సు ఊరూరూ తిరిగి వెళ్తుంది గనక తెల్లవారకముందే ఎక్కాలి. "బస్సెందుకు చెల్లె, నా బండి లేదా? నేను దింపుత" అన్నాను. నాది ఏడుగురు పట్టే డీజిల్ బండి. రామగిరి దిక్కు నుంచి మొదటి షిఫ్టుకు పోయే కార్మికులను రోజూ తీసుకెళ్ళేవాణ్ణి. ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట పక్కన రోడ్డు ఎక్కుడు వచ్చిందంటే మాత్రం అది ముసలి ఎద్దులా మొండికేసేది. ఒకరోజు మేం గేటు చేరుతుండగానే షిఫ్టు మొదలయ్యే సైరన్ మోగింది. చెల్లెలు దిగి ఉరికింది, ఎలాగో మస్టరు పడింది. పౌరుషం మాత్రం నాకు వచ్చింది.

గోదావరిఖనిలో నాకు బాగా తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఇంజిన్‌కు చిప్పు పెట్టమంటే ముందు ఒప్పుకోలేదు.

"దమ్ము పెరుగుతది భాయ్, అబద్ధం చెప్ప. గాని ఇంజిన్‌కు ఎక్కువ డీజిల్ తాపిస్తది. వేడెక్కుతది, టర్బో మీద, క్లచ్ మీద జోర్ పడ్తది. నీ బండి ముసల్దైంది, ఉమర్ అయింది, ఇంకోపారి సోంచాయించు."

"నువ్వు పెట్టు, నేను చూస్కుంట."

"అయితే ఒక్క మాట యాదుంచుకో. వెనక నల్లపొగ కనబడ్డదంటే జల్ది తీస్కరా, పీకేద్దాం."

అరచేతిలో పట్టే డబ్బా, దానికి నాలుగు వైర్లు. నిజం చెప్పాలి, కొన్నాళ్ళు రాజ్యమేలాను. బండి నిండా మనుషులున్నా ఎక్కుడు మూడో గేరులో ఎక్కేసింది. నెమ్మదిగా తోలిన రోజు డీజిల్ కూడా కాస్త తక్కువే తాగింది. "అన్న బండికి రెక్కలొచ్చినయ్" అని వెనక సీటువాళ్ళు అంటుంటే మీసం మీద చెయ్యి వేసుకున్నాను. చెల్లెలు గేటు ముందు తీరిగ్గా చాయ్ తాగి లోపలికి పోయేది.

నల్లపొగ రాలేదా అంటే, వచ్చే ఉంటుంది. మా దగ్గర నలుపును ఎవడు చూస్తాడు? ఆరేసిన బట్టల మీద నలుపు, కిటికీ చువ్వల మీద నలుపు, ముక్కు చీదితే నలుపు. వెనక బంపరు మీద మసిని రోజూ తడిగుడ్డతో తుడుస్తూ బొగ్గు లారీలను నాలుగు తిట్లు తిట్టేవాణ్ణి. వేరే ఊరి డ్రైవరైతే మొదటి వారమే పసిగట్టేవాడు. పైగా గాలి ఫిల్టరు నిండా బొగ్గు దుమ్ము పేరుకుపోయింది. ఇంజిన్‌కు డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. ఇదంతా తర్వాత మెకానిక్ విప్పి చూపిస్తే తెలిసింది. కోరి కొరివితో తల గోక్కున్నాను.

ఏడాది చివరి వారంలో ఒక పొద్దున, సరిగ్గా ఎక్కుడు మధ్యలో, టర్బో ఈల వేసినట్టు అరిచింది. బండి ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. తొందరలో రేడియేటర్ మూత తిప్పి చెయ్యి కాల్చుకున్నాను. తక్కినవాళ్ళంతా పర్మనెంటువాళ్ళు. "ఒక్కరోజు పోతె పాయె" అని రోడ్డు పక్కన కూర్చుని బీడీలు వెలిగించారు. చెల్లెలు రోడ్డు మధ్యన నిలబడి రెండు చేతులూ ఊపింది. బొగ్గు టిప్పర్లలో మనుషులను ఎక్కించుకోకూడదు; ఒక్కటీ ఆగలేదు. నేను స్టార్టు కాదని తెలిసీ తాళం తిప్పుతూనే ఉన్నాను.

ఆమె ఇక ఆగలేక చెప్పులు చేత పట్టుకుని ఉరకడం మొదలుపెట్టింది. బాయి ఇంకా రెండు కిలోమీటర్లుంది. మలుపు దాకా పోయిందో లేదో సైరన్ మోగింది. అక్కడే ఆగిపోయింది. కాసేపటికి వెనక్కి నడిచొచ్చింది.

"చెయ్యి గట్ల కాలిందేందన్నా? ఆగు, నీళ్ళు పోస్త."

బాయిలోకి తీసుకెళ్ళే మంచినీళ్ళ సీసా మొత్తం నా చేతి మీద పోసింది. "తిట్టు చెల్లె" అన్నాను. తిట్టలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

చివరికి ఒక్క మస్టరు తక్కువైంది. ఆఫీసులో క్లర్కు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన మాత్రం ఏం చేస్తాడు, కంప్యూటరు నా వైపు తిప్పి చూపించాడు.

జనవరిలో బండి బాగు చేయించి, చలిలో బస్సు స్టేజీ దగ్గరికి పోయాను. ఆమె అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

"చిప్పు పీకేయించిన చెల్లె. ఇంజిన్ మొత్తం చేపిచ్చిన. రా, నేను దింపుత."

"నీ మీద కోపం లేదన్నా," అంది. "బస్సుల కూసుంటె మస్టరు పోతదన్న ఫికర్ ఉండది. గంతే."

కోపమే ఉంటే బతిమాలుకునేవాణ్ణి. బస్సొచ్చింది, ఎక్కింది.