గంజి మీద పొర

పోయిన మంగళవారం మధ్యాహ్నం బందరు ఆసుపత్రిలో మా పక్కింటి జువాలజీ మాస్టారు చనిపోయారు. ఎవరైనా పోతే మన సంఘం పత్రికలో ‘నిద్రించారు’ అని రాయడం నాకలవాటు. ఆ మాట ఆయన ఒప్పుకోరు. అందుకని చనిపోయారనే రాస్తున్నాను, సహోదరులారా. వైరస్ జ్వరం. పదకొండు రోజులు.

నేను కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాదు. చేతిలో బైబిలు, ఎదురుగా మైకు ఉంటే చాలు నాకు. మాస్టారు రిటైరయ్యాక కూడా నెట్ సెంటరుకి వెళ్లి పరిశోధనల కాగితాలు ప్రింటు తీయించుకొచ్చేవారు. మా అరుగు మీద కూర్చుని, అడక్కపోయినా చెప్పేవారు.

“పుట్టుకతోనే ఒంట్లో కావలి ఉంటుందండీ బ్రదర్. వైరస్ కణంలో దూరగానే ఇది మనది కాదని పసిగట్టి పక్క కణాలకి కబురు పెడుతుంది.”

“లేఖనాల్లో కావలివాడు బూర ఊదినట్టు,” అనేవాణ్ణి.

“ఊదితే సరిపోదుగా. పట్టుకోవాలి.” కాఫీ మీద మీగడని చెంచాతో ఎత్తి చూపించేవారు. “కణం లోపలే ఇలాంటి పొర పుడుతుంది. పాడైన సరుకుని, దొరికితే వైరస్‌ని కూడా చుట్టేసి, అరిగించే సంచిలో పడేస్తుంది. కావలి కేకేస్తే పొర లేస్తుంది. పొర పట్టుకొచ్చిన ముక్కల్ని చూసి కావలి ఆనవాలు పడుతుంది. కణం పస్తుంటే ఈ పని ఇంకా జోరుగా సాగుతుంది.”

పస్తు అన్న ఒక్క మాట పట్టుకున్నాను. ఆ శుక్రవారం నాగాయలంక ఉపవాస ప్రార్థనలో మైకు అదిరేలా చెప్పాను: జ్వరమొస్తే ముద్ద ముట్టకండి, ఉపవాసం వైరస్‌ని మింగేస్తుంది, సైన్సే ఒప్పుకుంది. ఓ తల్లి నా మాట నమ్మి జ్వరంతో ఉన్న కూతురికి రెండ్రోజులు ఏమీ పెట్టలేదు. పిల్ల సొమ్మసిల్లితే సెలైను ఎక్కించి బతికించారు.

సంగతి తెలిసిన పూటే మాస్టారు నన్ను బస్సెక్కించారు. దారి పొడుగునా ఒక్కటే మాట: “నేను చెప్పింది కణం గురించండీ, పసిపిల్ల గురించి కాదు.” అదే మైకులో నా తప్పు నాతోనే చెప్పించారు. ఆ పిల్ల అన్నం తినేదాకా పక్కనే కూర్చున్నారు.

తిరుగు బస్సులో అడిగాను, ఇంత కావలి ఉండగా మనుషులెందుకు పోతున్నారని.

“కొన్ని వైరస్‌లు ఆ పొరలోనే కాపురం పెట్టి పిల్లల్ని కంటాయి. ఒక్కోసారి కావలి కేకలే మితిమీరి ఒళ్లు పాడుచేస్తాయి.”

“మరప్పుడు?”

“తెలీదు. ఆ మాట మీకు చేతకాదు బ్రదర్. నాకు ముప్పై ఏళ్లు పాఠం చెప్తే వచ్చింది.”

మాస్టారికే జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేర్చాక, వరండాలో వాళ్లావిడ నన్నడిగారు, “బతుకుతారంటారా అన్నయ్యగారూ?” ఎన్ని మంచాల దగ్గర, ఎంత ధీమాగా జవాబు చెప్పానో. ఈసారి నోట్లోంచి “తెలీదమ్మా” అనే వచ్చింది.

రోజూ గంజి పట్టుకెళ్లేవాణ్ణి. చెంచా దగ్గరికి తెస్తే మొహం తిప్పేసేవారు.

“తాగండి మాస్టారూ. తినమని మీరే కదా చెప్పారు.”

“చెప్పాన్లెండి. ఒంట్లో ఉన్నవాళ్లకి వినపడట్లేదు.”

“నన్నేం చేయమంటారు?”

“కూర్చోండి.”

మంగళవారం కూడా కూర్చునే ఉన్నాను. నర్సు వచ్చి నాడి చూసి, దుప్పటి మొహం మీదికి లాగి వెళ్లింది. స్టూలు మీద గ్లాసులో గంజి చల్లారిపోయింది. పైన పొర కట్టింది. ఫ్యాను గాలికి అది సన్నగా ముడతలు పడుతోంది.