మా మామగారి లోడు పరీక్ష

మా మామగారు ముప్పై ఒక్క ఏళ్ళు లిఫ్టులు తనిఖీ చేశారు. ఏ భవనంలో కొత్త లిఫ్టు పెట్టినా, మనిషి కాలు పెట్టకముందే అందులో ఇనప దిమ్మలు పేర్చి, పైకీ కిందికీ తిప్పి, తాళ్ళు చూసి, గడపలు కొలిచి, అప్పుడు కాగితం మీద సంతకం పెట్టేవారు. దాన్ని లోడు పరీక్ష అంటారు. ఉద్యోగం అయిపోయి నాలుగేళ్ళయినా ఆయనకు ఆ బుద్ధి పోలేదు. మా ఇంట్లోకి కొత్త కుర్చీ వస్తే ముందు దాని మీద నీళ్ళ బకెట్లు కూర్చుంటాయి, ఆ తర్వాతే అల్లుడు. ఆయన మా కింది వాటాలోనే ఉంటారు కనుక ఈ వైభోగం నాకు రోజూ ఉంటుంది.

జాగ్రత్త అనేది ఆయన ఒంట్లోనే ఉంది. భయం మాత్రం పోయినేడాది నుంచీ పట్టుకుంది. ఒక సాయంత్రం మా అమ్మాయిని బజారుకు తీసుకెళ్ళి జనంలో తప్పిపోగొట్టుకున్నారు. పిల్ల దొరికింది, ఏమీ కాలేదు. "రెండే రెండు నిమిషాలమ్మా" అని మా ఆవిడకు చెప్పారు. ఆవిడ సరే అంది. ఆ రోజు నుంచి మాత్రం పిల్లను వాళ్ళ తాతతో ఒంటరిగా వీధి చివరి దాకా కూడా పంపలేదు. పంపనని నోరు తెరిచి అనలేదు, ప్రతిసారీ ఏదో ఒక పని అడ్డం పెట్టేది. అది ఆయనకు తెలియకపోలేదు. తిట్టినా బాగుండునని ఒకసారి నాతో అన్నారు.

ఇలా ఉండగా పిల్లకు బడి పుస్తకంలో ఒక బొమ్మ కనిపించింది. పాతకాలపు కాలవల ఊరు. వీధుల మధ్య నీళ్ళు, నీళ్ళ మీద పడవలు, పడవ వస్తే పైకి లేచే వంతెన. మా ఊరి నుంచి రైల్లో రెండు గంటల దూరం. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు. గురువారం బడికి సెలవు. నాకు అచ్చాఫీసులో పని, మా ఆవిడకు ఆసుపత్రి ల్యాబులో డ్యూటీ.

"తాతయ్యతో వెళ్తా" అంది ఆరేళ్ళ మహాతల్లి.

నేను మా ఆవిడ మొహం చూశాను. ఆవిడ వాళ్ళ నాన్న వైపు తిరిగింది. "నాన్నా, ఎక్కడెక్కడికి ఎలా వెళ్తారో అంతా రాసి చూపించు. చూసి చెప్తా" అంది.

ఏడాది తర్వాత కూతురు ఇచ్చిన మొదటి అవకాశం. ఆ రాత్రి ఆయన మొహం వెలిగిపోయింది. తెల్లారేసరికి ఆ వెలుగు పోయి, గుబులు మిగిలింది.

మర్నాటి నుంచి ఆయనకు ముద్ద దిగలేదు. నోటు పుస్తకం, స్కేలు, ఆ ఊరి మ్యాపు ముందేసుకుని కూర్చున్నారు. రైల్లో ఏ పెట్టె, ఏ వైపు తలుపు, ఎన్ని మెట్లు, ఎక్కడ దాహం, ఎక్కడ బాత్రూము, అన్నీ రాశారు. రాసిన కొద్దీ భయం తగ్గాలి కదా, పెరిగింది.

"మావయ్యా, ఇది షికారా, దండయాత్రా?" అన్నాను.

"నీళ్ళ ఊరు బాబూ. ప్రతి వీధికీ ఒక పక్క ఇళ్ళు, ఒక పక్క నీళ్ళు. చాలా చోట్ల కమ్మీలు కూడా లేవట."

పడవల ఆఫీసుకు ఫోను చేసి కాలవ లోతెంత అని అడిగారు. మనిషి లోతుంటుందన్నాడు అవతలివాడు. "ఏ మనిషి లోతు? మీ లోతా, ఆరేళ్ళ పిల్ల లోతా?" అని ఈయన గద్దించారు. నేను నవ్వాను. ఫోను పెట్టేసి ఆయన మ్యాపులో ప్రతి కాలవకూ ఎర్ర గీత గీయడం చూసి నవ్వు ఆపేశాను.

ఇక ఉండబట్టలేక సోమవారం లోడు పరీక్ష పెట్టుకున్నారు. పిల్లను కాటా ఎక్కిస్తే పద్దెనిమిది కిలోలు తూగింది. చక్రాలున్న పెట్టె ఒకటి తీసి, అందులో సరిగ్గా పద్దెనిమిది కిలోల ఇసుక నింపారు. పిల్ల వచ్చి తన టోపీ తెచ్చి పెట్టె పిడికి కట్టింది. "నా టోపీ జాగ్రత్త తాతయ్యా" అంది. గురువారం పిల్లతో చేయబోయేదంతా ఆ రోజు పెట్టెతో చేయాలి. చెయ్యి వదలకూడదు. అదీ నియమం. ఒక్కరే రైలెక్కి ఆ ఊరు వెళ్ళి, పడవ దగ్గర దానికి అర టిక్కెట్టు కూడా తీసుకున్నారు. టిక్కెట్లిచ్చే అమ్మాయి పెట్టెను చూసి, ఈయన్ను చూసి, మారు మాట్లాడకుండా చింపి ఇచ్చిందట.

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. ఈసారి నా నోరు కాదు, ఆయన కన్నే శని అయింది.

పడవ రెండో రేవులో ఆగింది. పడవ అంచుకూ రేవు మెట్టుకూ మధ్య ఖాళీ ఆయనకు కనిపించింది. లిఫ్టు గడపకూ అంతస్తు గడపకూ మధ్య ఖాళీ కొలవకుండా ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క రోజు కూడా ఊరుకోని మనిషి. పిల్ల కాలు అందులో పడితే? వెంటనే జేబులోంచి టేపు తీశారు. కొలవాలంటే రెండు చేతులూ కావాలి. పెట్టెను పడవలో బల్ల పక్కన ఆనించి, మెట్టు మీదికి దిగి, వంగి కొలిచారు. జానెడు ఖాళీ, నాలుగు వేళ్ళ ఎత్తు తేడా. నోటు పుస్తకంలో రాసుకున్నారు. తలెత్తేసరికి పడవ వెళ్ళిపోయింది. పెట్టె అందులోనే ఉండిపోయిందని ఆయన గమనించనే లేదు.

గమనించకపోగా నడుచుకుంటూ ఆ లేచే వంతెన దగ్గరికి వెళ్ళారు. వంతెన వెనక పెద్ద ఇనప బరువు వేలాడుతోంది. లిఫ్టుకు అవతలి వైపు వేలాడే బరువు లాంటిదే, దాని సాయంతో అంత పెద్ద వంతెనను ఇద్దరు మనుషులు అవలీలగా ఎత్తేస్తున్నారు. వందల ఏళ్ళ క్రితం ఎవడో తనలాంటివాడే కట్టాడు కదా అని నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయారు. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి సంతోషంగా అనిపించిందట. ఇది పిల్లకు చూపించాలి అనుకుని, పక్కకు చెయ్యి చాపారు.

చేతికి ఏమీ తగల్లేదు.

అక్కడ ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. అది పెట్టె అనీ, అందులో ఉన్నది ఇసుక అనీ ఆ క్షణంలో గుర్తు రాలేదని నాతో చెప్పారు. నేను నమ్ముతాను. అరవై రెండేళ్ళ మనిషి కాలవ గట్టున పిల్ల పేరు అరుస్తూ పరుగెత్తారు. నీళ్ళలోకి చూస్తూ పరుగెత్తారు. ఎవరో ఆపి, పాప ఏ రంగు గౌను వేసుకుందని అడిగితే చెప్పడానికి మాట రాలేదు. చుట్టు తిరిగి మళ్ళీ రేవుకు వచ్చిన పడవ కనిపించింది. బల్ల పక్కన టోపీ పెట్టుకుని పెట్టె అలాగే ఉంది.

"ఏం పోలేదు లెండి, పెట్టేగా" అన్నాడు పడవవాడు.

ఆయన ఆ మెట్ల మీదే కూలబడ్డారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ పిల్ల గౌను ఇస్త్రీ చేస్తోంది. గురువారానికి. నోటు పుస్తకం నిండా కొలతలున్నాయి, పెట్టె చేతిలోనే ఉంది, సాక్షి ఎవరూ లేరు. బాగా జరిగింది అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నేనైతే అదే అనేవాణ్ణి.

"పడవలో వదిలేశానమ్మా" అన్నారాయన.

మొత్తం చెప్పారు. మా ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.

"ఎంతసేపు?"

"ఇరవై రెండు నిమిషాలు."

"పోయినేడాది రెండు నిమిషాలన్నావు."

ఆయన నోటు పుస్తకం మూసేశారు. తర్వాత, "పదకొండు" అన్నారు.

"నాకు తెలుసు. పిల్లను పట్టుకున్న దుకాణం ఆవిడ ఆ రోజే చెప్పింది." మా ఆవిడ ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేసింది. "తప్పిపోయినందుకు కాదు నాన్నా నాకు కోపం. జన్మలో ఒక్క లిఫ్టుకు కూడా దొంగ సంతకం పెట్టలేదు నువ్వు. నా కూతురికి పెట్టావు."

ఆయన తల దించుకున్నారు. "నాతో ఒంటరిగా పంపకు తల్లీ. నాకు భయంగా ఉంది" అన్నారు. భయం అనే మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి.

అంతలో పిల్ల వచ్చింది. తాతయ్య నిన్ను మర్చిపోతాడేమోనని మనిద్దరమే వెళ్ళడం లేదని ఆయనే చెప్పారు. అది పెట్టె పిడికి కట్టిన తన టోపీ విప్పుకుంది.

"పెట్టెకి నోరు లేదు కాబట్టి మర్చిపోయావు. నేనైతే అరుస్తాగా" అంది.

"బజారులో కూడా అరిచావమ్మా" అన్నారాయన. "చాలాసేపు అరిచావట. నేను అక్కడి ఎస్కలేటరు మోటారు చప్పుడేదో తేడాగా ఉందని వింటూ నిలబడ్డాను."

గురువారం డ్యూటీ మార్చమని అడగడానికి మా ఆవిడ ఫోను తీసుకుని బయటికి వెళ్ళింది. ఆయన పిల్ల చెయ్యి పట్టుకుని గది మధ్యలో నిలబడ్డారు. "తాతయ్యా, నొప్పి" అని అది రెండుసార్లు అంది. ఆయన వదల్లేదు.