ఉప్మా నుంచి స్వేచ్ఛా మార్కెట్‌కి

సినిమాల్లోకి రాకముందు నేను కాకినాడ వైపు ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. అన్నీ ప్రభుత్వమే నిర్ణయించే దేశాలు మార్కెట్ వైపు ఎలా మళ్ళాయన్నది నాకిష్టమైన పాఠం. ప్రణాళికల్ని నేను వెక్కిరిస్తుంటే వెనక బెంచీల వాళ్ళు కూడా నిద్ర లేచేవాళ్ళు. ఆ నోరే నన్ను మాటల రచయితను చేసింది. నా కొంప ముంచిందీ ఆ నోరే.

మొన్న వేసవిలో జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా అద్దెకు తీసుకుని షూటింగ్ చేస్తున్నాం. పొద్దున టిఫిను మొదలు సాయంత్రం బజ్జీల దాకా యూనిట్ మొత్తానికి ప్రొడక్షన్ వాళ్ళే వండి పెట్టడం మా సినిమావాళ్ళ ఆచారం. ఎవరేం తినాలో ప్రొడక్షన్ మేనేజర్ ముందు రోజే తేల్చేస్తాడు. మా మేనేజర్ భీమవరం పెద్దమనిషి. ఆయన దృష్టిలో మానవజాతికి ఉప్మా చాలు. సగం మంది దాన్ని కెలికి వదిలేసేవారు.

ఒకరోజు పారబోస్తున్న ఉప్మా మా నిర్మాత కంటబడింది. ఆయనది షేక్‌పేట, ఇదే తొలి సినిమా.

"గిదేంది సారూ, గింత తిండి మట్టిపాలు చేస్తున్నరు?" అని నన్నడిగాడు.

అడగకపోయినా చెప్పే రకాన్ని, అడిగితే ఊరుకుంటానా? వంట ఆపేసి ఆ ఖర్చు అందరికీ రోజూ చేతికిచ్చే బత్తాలో కలిపేయమన్నాను. ఎవరికి నచ్చింది వాళ్ళు కొనుక్కుంటారనీ, కొనేవాళ్ళుంటే అమ్మేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారనీ చెప్పాను.

"మంచిగున్నది. రేపటి సంది గట్లనే చేద్దాం" అన్నాడాయన.

మేనేజర్ నన్ను పక్కకు పిలిచాడు. "రైటర్ గారూ, ఇది భీమవరం సెంటరు కాదండీ. ఈ రోడ్డులో బంగళాలు, కుక్కలు తప్ప ఏమీ ఉండవండీ. కాస్త మెల్లిగా మార్చుకుందామండీ."

పాతకాలం మనుషులు మార్పుకు అడ్డుపడతారని నేను పుస్తకాల్లో చదివే ఉన్నాను. అందుకని ఆయన వంక జాలిగా చూసి నవ్వాను.

మర్నాడే నా సీను. ఆస్తి గొడవల్లో విడిపోయిన అక్కాచెల్లెళ్ళు మళ్ళీ ఎదురుపడే సన్నివేశం. నాలుగు పేజీల మాటలు. నా పేరు నిలబెట్టేది అదేనని ఇంట్లోనూ, ఫిల్మ్‌నగర్‌లో టీ తాగే ప్రతిచోటా చెప్పుకున్నాను. ఎండ వాలే వేళ తీయాలి. బంగళా మాకు మిగిలింది ఆ ఒక్క రోజే.

మధ్యాహ్నం బ్రేక్ చెప్పగానే యూనిట్ మాయమైంది. నేనన్నట్టే అమ్మేవాడు రానే వచ్చాడు, ఇడ్లీ బండితో. ఎదురు బంగళా సెక్యూరిటీ అతన్ని తరిమేశాడు. కాఫీ షాపులోకి వెళ్ళిన లైట్‌మెన్ మెనూ చూసి దణ్ణం పెట్టి వచ్చేశారు. మేకప్ వాళ్ళు ఫోన్లో ఆర్డరిచ్చిన బిర్యానీ దారి తప్పి కొండంతా తిరుగుతూనే ఉంది. చివరికి లైట్‌మెన్‌తో సహా దాదాపు అందరూ వ్యానెక్కి కొండ కింద షేక్‌పేటకు దిగారు. సిద్ధాంతం చెప్పినవాణ్ణి నేనే పస్తుంటే పరువేం కావాలి? నేనూ దిగాను. అక్కడి హోటల్లో మా మందను చూడగానే ఓనరు రేటు పెంచాడు. ఇదీ పాఠంలో ఉన్నదే కాబట్టి అందరికీ ఉత్సాహంగా వివరించబోయాను.

"సార్, ఆకలైతుంది. జర ఊకుండ్రి" అన్నాడో లైట్‌మన్.

తిరుగుదారిలో ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కున్నాం. బంగళా చేరేసరికి సామాన్లు సర్దేస్తున్నారు. నా సీను తీయలేదేమోనని లోపలికి పరిగెత్తాను. దర్శకుడు మాత్రం వెలిగిపోతూ ఎదురొచ్చాడు.

"మీ ఫోన్ కలవలేదండీ. వెలుతురు పోతోంది, నాలుగు పేజీలకు టైము లేదు, కుదించడానికి మీరు లేరు. హీరోయిన్లిద్దరూ, కెమెరామనూ ఇంటి క్యారియర్లు తిని ఇక్కడే ఉన్నారు. గుమ్మానికి అటొకరిని ఇటొకరిని నిలబెట్టి ఊరికే చూసుకోమన్నాను. ఒక్క మాట లేదు. అద్భుతంగా వచ్చిందండీ!"

మానిటర్‌లో చూపించాడు. చెల్లెలు గుమ్మం ముందు చెప్పులు విప్పుతుంది. అక్క పక్కకు తప్పుకుని దారిస్తుంది. అంతే. బాగుంది. నా ఖర్మ, నిజంగానే బాగుంది. నాకు ఏడుపొచ్చింది. సీను చూసి ఏడుస్తున్నాననుకుని దర్శకుడు నన్ను కౌగిలించుకున్నాడు.

మర్నాడు కొత్త లొకేషన్లో పొయ్యిలు మళ్ళీ వెలిగాయి. మేనేజర్ నా ఉప్మాలో నాలుగు జీడిపప్పులు ఎక్కువ వేయించాడు. తిట్టినా బాగుండేది. తింటుండగా నిర్మాత వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నిన్నటి సీను చూసిన సారూ. నాకే ఏడ్పొచ్చింది. ఒక్క మాట గూడ లేకపాయె. గందుకే అడుగుతున్న, మిగిలిన సీన్లల్ల మాటలు అవసరమా?"

కాలేజీలో అయితే తడుముకోకుండా జవాబు చెప్పేవాణ్ణి. అడిగేవాడు లేని సరుకు తయారీ ఆపెయ్యాలి, అది తయారుచేసేవాడు వేరే పని వెతుక్కోవాలి. ఉప్మా ప్లేటు పక్కన పెట్టాను. గడగడా నీళ్ళు తాగి, "అలా అంటే ఎలా సార్? సినిమా మొత్తానికీ మాటలు నావేనని అగ్రిమెంటులో ముందే రాసుకున్నాం కదా!" అన్నాను.