పేరు చెప్పి కొట్టండి

ఆదోని రోడ్డులో బస్సు పత్తి చేల పక్కగా పోతుంటే పురుగుల మందు వాసన గుప్పున కొట్టింది. అందరూ ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం ఎమ్మిగనూరు బడిలో సోషల్ చెప్పిన ఈరమ్మ టీచర్ గుర్తొచ్చారు. మగ్గాల ఇంటి మనిషి, గట్టి గొంతు, ఆమె అంటే మాకు హడల్. జర్మనీ పాఠం రోజున పుస్తకం మూసేసి, "యూదుల్ని ఒక్కసారే సంపలేదప్పా. ముందు వాళ్ళది తక్కువ జాతన్నారు. ఆమీట పురుగులన్నారు. ఏండ్ల తరబడి ఆ మాటే ఇన్నోళ్ళకు, పురుగుల మందు గ్యాసుతో లక్షల మందిని సంపతాంటే సూస్తా ఉండేది కష్టం గాలేదు" అన్నారు. ఆ సాయంత్రం మా ఇంటి మూలనున్న మందు డబ్బా వైపు చూడాలంటేనే నాకు భయం వేసింది.

ఆ ఏడే, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఫోన్లలో పుకారు పాకింది. ఒకరోజు బడి వదిలాక టీచర్‌తో కలిసి బస్టాండుకు వెళ్ళేసరికి, పిన్నీసులూ దువ్వెనలూ అమ్ముకుంటూ ఊళ్ళు తిరిగే ఒకామెను జనం చుట్టుముట్టి ఉన్నారు. ఆమె నలుపు, చంకలో పిల్ల తెలుపు. అదే నేరం. "దొంగజాతి! ఈ పురుగుల్ని ఈడే నలిపేయాల" అంటూ ఒకడు కట్టె ఎత్తాడు. గుంపులో గోవిందా అన్నట్టు అందరిదీ అదే అరుపు. టీచర్ జనాన్ని తోసుకుంటూ పోయి ఆమె పక్కన నేలమీద కూర్చున్నారు.

"నీ పేరేందమ్మా?"

"గంగమ్మ. ఇది నా బిడ్డే తల్లీ, ఎల్లమ్మ."

టీచర్ తలెత్తారు. "ఇన్నారు గదా. జాతిని గాదప్పా, గంగమ్మను కొడతాండామని సెప్పండి. మీ పేరు గూడా సెప్పి కొట్టండి."

ఒక్కరూ పేరు చెప్పలేదు. కట్టె దిగింది. అయినా వెనక నుంచి ఎవరో విసిరిన రాయి టీచర్ నుదుటికి తగిలింది. రక్తం కారుతున్నా పోలీసులు వచ్చేదాకా ఆమె అక్కడి నుంచి లేవలేదు.

టీచర్ ఇప్పుడు లేరు. ఆమె ధైర్యంలో నాకు అబ్బింది పిసరంత. మొన్న అన్నం తింటూ మా తమ్ముడు, ఇటుక బట్టీకి వలస వచ్చిన కూలీల మాటెత్తి, "ఆ జాతే అంతక్కా, ఊర్లో లేకుండా ఏరేయాల" అన్నాడు. "ఎవర్నిరా? పేరు సెప్పు" అన్నాను. కంచం తోసేసి లేచిపోయాడు. ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. ఒక్కగానొక్క తమ్ముడు. అయినా వాడు రేపు గడప తొక్కితే, నేను మొదట అడిగేది ఆ పేరే.