నాలుగు సేర్లు తగ్గిన సైకిలు

నా భార్య అలిగి పుట్టింటికి పోవడానికి కారణం నేనే. బళ్లారిలో మాది కిరాణా అంగడి. ఊహ తెలిసినప్పటినుంచి తక్కెడ ముందు పెరిగినవాణ్ణి. ఓ రోజు ఆమె వంటకు ఎంత నెయ్యి వాడుతోందో తేల్చాలని నేతిగిన్నెను అంగట్లోకి తెచ్చి, గిరాకీల ఎదురుగానే తూచాను. సాయంత్రానికల్లా ఆమె పుట్టిన ఊరు తారానగర్‌కు బస్సెక్కేసింది.

నెల గడిచింది. నాకు అన్నం సయించడం లేదు. ఆమెను పిలుచుకు రావాల్సిందే. బస్సులో పోతే సగం బజారు ఆరా తీస్తుందని సైకిలు మీద పోదామనుకున్నాను. దారిలో మిట్టల ఎక్కుళ్లున్నాయి. అత్తగారి ఊళ్లోకి రొప్పుతూ, సైకిలు తోసుకుంటూ పోతే మర్యాదేముంది? అందుకని బరువు తగ్గించాలనుకున్నాను.

కంటోన్మెంటులో ఒక సైకిలు మేస్త్రి చేత మడ్గార్డులు, చైను కవరు, స్టాండు, డైనమో, ఇనుప క్యారియరు విప్పించాను. స్ప్రింగుల సీటు తీయించి బక్క సీటు వేయించాను. విప్పినదల్లా అంగడికి తెచ్చి తూచాను. గంట కూడా తీసేయమంటే మేస్త్రి చేతులు జోడించాడు.

“ఇంగ చక్రాలే మిగిలుండాయప్పా. అవీ తీసేసి నెత్తిన పెట్టుకోని పోతావా?”

తూకం తెలియనివాడితో వాదన దండగ. మొత్తం నాలుగు సేర్లు తగ్గింది.

ఎక్కడా దిగకుండా తారానగర్ చేరాను. ఆమె గుమ్మంలోనే ఉంది. తప్పయిందని చెప్పాల్సినవాణ్ణి, ఒంటిచేత్తో సైకిలెత్తి, “నాలుగు సేర్లు తగ్గించా!” అన్నాను.

“ఇంకా తూస్తానే ఉండారా?” అంది.

తలొంచుకున్నాను. “నెయ్యి తూచడం తప్పే. నువ్వు లేకుండా ఆ ఇంట్లో ఉండలేకున్నా. వచ్చేయ్.”

ఆమె చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది. మామగారు సైకిలు చుట్టూ తిరిగి చూశారు.

“అంతా బాగుండాది గానీ, మా పాపను యాడ కుచ్చోబెడ్తావప్పా?”

క్యారియరు బళ్లారిలో, మా అంగట్లో ఉంది.

ఆడపిల్లను ఉత్తచేతులతో పంపరు కదా. అత్తగారు ఆమె ఒళ్లో ఐదు సేర్ల బియ్యం, కొబ్బరి గిన్నెలు, బెల్లం అచ్చు పోసి నడుముకు ముడేశారు. ఆ ఒడిబియ్యంతోనే, ఊరంతా చూస్తుండగా, ఆమె ముందు కడ్డీ మీద కూర్చుంది.

మొదటి ఎక్కుడికే సైకిలు ముందుకు కదల్లేదు. “బియ్యం ఎవరికైనా ఇచ్చేద్దామా?” అన్నాను.

“ఒడిబియ్యం ఎవరన్నా ఇచ్చేస్తారా?” అంటూ తనే దిగింది. నేనూ దిగబోతే వద్దంది. వెనక్కి పోయి సీటు పట్టుకుంది.

“మీరు తొక్కండి. నేను తోస్తా.”

నాకు ఏడుపొచ్చింది. తొక్కాను.